ఎంబీబీఎస్ రాలేదని బీడీఎస్‌లో చేర్చకండి

నీట్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి వెబ్ ఆప్షన్ల గడువు ముగిసేదాకా చదువుల సలహా కోసం నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు అడిగేది దాదాపు ఒకటే. "ఎంబీబీఎస్‌కి ర్యాంకు చాలదంటున్నారు మేడం. ఇంకో ఏడాది లాంగ్ టర్మ్‌లో కూర్చోబెట్టమంటారా, పోనీ బీడీఎస్‌లో పడేయమంటారా?" అడిగేది నాన్న. అమ్మ ఆందోళనగా నా మొహంలోకి చూస్తుంటుంది. ఎవరి ఐదేళ్ల గురించి మాట్లాడుకుంటున్నామో ఆ పిల్ల మాత్రం తల వంచుకుని కూర్చుంటుంది. నేరుగా ఆ పిల్లనే అడిగినా జవాబు నాన్న నోటి నుంచే వస్తుంది.

దీని వెనక పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. అసలు వైద్యమంటే గుండె, మెదడు, కాలేయం. పళ్ల డాక్టరు పన్ను పీకుతాడు, సిమెంటు పెడతాడు, క్లిప్పులు వేస్తాడు, అంతే. కాబట్టి బీడీఎస్ అంటే ఎంబీబీఎస్ అందనివాళ్లు సర్దుకునే చోటు. ఈ నమ్మకం తప్పు. ఎంత తప్పో తెలియాలంటే ఎల్బీనగర్ చౌరస్తాలో సాగర్ రోడ్డు ఎక్కి, ఫ్లోరైడ్ నీళ్లతో బాధపడ్డ మర్రిగూడ దాకా వెళ్లి రండి. లేదా దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న నల్లగొండ జిల్లా పిల్లలను, వాళ్ల అమ్మానాన్నల పళ్ల గురించి అడగండి.

పంటి పైపొర ఎనామిల్ చిన్నతనంలోనే తయారవుతుంది. జ్ఞానదంతాలను వదిలేస్తే, ఎనిమిదేళ్లు వచ్చేసరికి ఆ పని దాదాపు పూర్తవుతుంది. ఎముక జీవితాంతం కరిగి మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. ఎనామిల్‌కు ఆ అవకాశం లేదు. ఆ మొదటి ఏళ్లలో తాగిన నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే సున్నం పూసినట్టు తెల్లటి మచ్చలు, ఇంకా ఎక్కువైతే పసుపు, గోధుమ రంగు చారలు పడి అలాగే నిలిచిపోతాయి. ఇరవై ఏళ్ల కుర్రాడి పళ్ల మీది చారలు అతను ఈరోజు తాగే నీటి గురించి ఏమీ చెప్పవు, అంగన్‌వాడీకి వెళ్లిన రోజుల్లో తాగిన నీటి గురించి చెబుతాయి. ఒకే ఊళ్లో పదేళ్ల పిల్లల పళ్లనూ పాతికేళ్ల వాళ్ల పళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మధ్యలో ఆ ఊరికి మంచినీళ్లు నిజంగా అందాయో లేదో తెలిసిపోతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు లేనిచోట 1.5 దాకా సరేనని మన దేశ ప్రమాణం. ఆ లెక్క పాటించారా లేదా అన్నది కాగితాల మీద ఎలా ఉన్నా, పిల్లల నోళ్లలో స్పష్టంగా ఉంటుంది.

మన దేశంలో ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు మొదట శాస్త్రీయంగా నమోదైంది కూడా తెలుగు నేల మీదే. 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరోసిస్ మీద ప్రచురించిన పరిశోధన అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలది. పళ్ల మచ్చలతో ఆగని జబ్బు అది. వెన్ను బిగుసుకుపోయి మనిషి తల తిప్పలేని స్థితికి వస్తాడు. 1973లో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్లగొండ ప్రాంతపు కుర్రవాళ్లలో మోకాళ్లు లోపలికి ఒరిగి, పాదాలు ఎడంగా జరిగిపోయే కొత్త వికృతిని లాన్సెట్ పత్రికలో రాశారు. అన్నం తినేవాళ్లలో కన్నా జొన్న తినేవాళ్లలో ఇది ఎందుకు ఎక్కువని ఆ సంస్థ వెతికింది. నాగార్జునసాగర్ నీళ్లు వచ్చాక భూగర్భజలం పైకి లేచి, నేల స్వభావం మారి, జొన్నలో మాలిబ్డినం పెరిగిందని, దానివల్ల ఒంట్లో రాగి తగ్గుతోందని ప్రతిపాదించింది. పన్ను, నీరు, పంట, డ్యామ్, మోకాలు అన్నీ ఒకే ప్రశ్నలోకి వచ్చాయి. పంటికి, మిగతా ఒంటికి సంబంధం లేదనే తల్లిదండ్రులకు నేను మొదట చెప్పేది ఈ కథే.

కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఇద్దరూ దంతవైద్యులు కారు. ఫ్లోరైడ్ కథ మొత్తం ఇలాగే నడిచింది. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టి, అక్కడ పుట్టి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమ మచ్చలు గమనించాడు. ఏళ్ల తరబడి ఆ మచ్చల వెంటపడ్డాడు. కారణం తేల్చింది మాత్రం 1931లో ఒక అల్యూమినియం కంపెనీ ల్యాబ్‌లో పనిచేసే రసాయన శాస్త్రవేత్త హెచ్.వి. చర్చిల్. 1970ల్లో పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేసి, దానికి నల్లగొండ పేరే పెట్టింది నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ. నోటి ఆరోగ్యం మీద పనిచేయాలంటే బీడీఎస్ ఒక దారి, ఏకైక దారి కాదు. మంచి ఉపాధ్యాయుల దగ్గర కెమిస్ట్రీయో మైక్రోబయాలజీయో స్టాటిస్టిక్సో చదివిన పిల్లకు కూడా ఇందులో పని ఉంది.

ఇక మన ఇళ్లన్నిటికీ తెలిసిన జబ్బు, షుగర్. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు పాడవుతాయి. చిగుళ్ల వాపు ముదిరితే షుగర్ అదుపు తప్పుతుంది. 1993లో హరాల్డ్ లో అనే పరిశోధకుడు చిగుళ్ల జబ్బును మధుమేహపు ఆరో ఉపద్రవంగా లెక్కించారు. చిగుళ్లకు సరైన చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 శాతం దాకా తగ్గుతుందని 2022 నాటి కొక్రేన్ సమీక్ష తేల్చింది. గుండె సంగతి వేరు. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో గుండెజబ్బు ఎక్కువ కనిపిస్తుంది, నిజమే. కానీ ఒకటి రెండోదానికి కారణమని రుజువు కాలేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లోనే చెప్పింది. రెండింటికీ పొగాకు కారణం కావచ్చు, షుగర్ కావచ్చు. "పళ్లు తోమకపోతే గుండెపోటు" అని ఫార్వర్డ్ అయ్యే వీడియో చూసి, "రుజువేది?" అని అడిగే పిల్ల మీ ఇంట్లో ఉంటే ఆమె పరిశోధనకు పనికొస్తుంది. ర్యాంకు ఎంతన్నది నాకు తర్వాతి సంగతి.

పొగాకు సంగతికి వస్తే, శ్రీకాకుళం పల్లెల్లో కొందరు ఆడవాళ్లు చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా, గుప్తా తదితరులు ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్తుల అంగిళ్లు పరీక్షించి, ఆ అలవాటు చేసే హానిని బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో రాశారు. ఈరోజు గుట్కాతో నోరు తెరుచుకోని కుర్రాళ్ల మీద అంత ఓపికగా పనిచేసేవాళ్లు కావాలి.

అందుకే ఈ చదువును ఓటమికి గుర్తుగా పిల్లల నెత్తిన రుద్దితే నాకు కోపం వస్తుంది. ఇప్పుడు లాంగ్ టర్మ్ గురించి. మెట్రో పిల్లర్ల మీద ర్యాంకుల ఫొటోలు చూస్తాం. ఆ పక్క సందులో హాస్టల్ గదిలో మూడో ఏడాది అదే పుస్తకం తిరగేస్తున్న పిల్ల ఫొటో ఎవరూ వేయరు. కటాఫ్‌కు కొద్ది మార్కులే తక్కువై, పిల్ల తనంతట తాను "ఇంకోసారి రాస్తాను" అంటే ఒక్క ఏడాది సరే. అడగని పిల్లను రెండో ఏడాది, మూడో ఏడాది కూర్చోబెట్టకండి. నిద్ర పట్టడం లేదని, అన్నం సయించడం లేదని పిల్ల చెబితే అది సాకు కాదు. వెంటనే ఇంటికి తీసుకెళ్లండి. చదువు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఖర్చు లెక్క ముందే వేయండి. కన్వీనర్ కోటాకూ మేనేజ్‌మెంట్ కోటాకూ ఫీజులో చాలా తేడా. మేనేజ్‌మెంట్ సీటు కొనడానికి పొలం అమ్మేవాళ్లు మొదటి ఏడాది ఫీజు మాత్రమే చూస్తారు. హాస్టల్, పరికరాలు, ఆపైన ఎండీఎస్ ఫీజు కలిపి చూడరు. "తర్వాత క్లినిక్ పెట్టుకుంటే వచ్చేస్తాయి" అంటారు. కొత్తపేట నుంచి వనస్థలిపురం దాకా రోడ్డుకు రెండువైపులా డెంటల్ బోర్డులు చదువుకుంటూ నడవండి. వాటి మధ్య మీ అమ్మాయి అప్పు మీద చైర్, కంప్రెసర్, ఎక్స్‌రే కొని, అద్దె కడుతూ కూర్చోవాలి. అలా నిలబడలేక మెడికల్ కోడింగ్ కోచింగ్‌లో చేరిన బీడీఎస్‌లు చాలామంది. కోడింగ్ గౌరవమైన ఉద్యోగమే, దానికి ఐదేళ్ల బీడీఎస్ అవసరం లేదు. విదేశాల కన్సల్టెన్సీల మాట కూడా ఆచితూచి వినండి. అమెరికాలో పళ్ల డాక్టరుగా పనిచేయాలంటే చాలా రాష్ట్రాల్లో అక్కడి డెంటల్ స్కూల్లో మళ్లీ రెండు మూడేళ్లు చదవాలి. ఆ ఫీజు లక్ష డాలర్లు దాటుతుంది. పబ్లిక్ హెల్త్ మాస్టర్స్‌తో లైసెన్స్ రాదు.

ఇంకో కొత్త వల, "రీసెర్చ్ ప్రొఫైల్". డబ్బు కడితే వారంలో పేపరు అచ్చువేస్తామంటారు, రచయితల జాబితాలో మీ పేరు కలుపుతామంటారు. చేయని పనికి పేరు కొనుక్కున్న విద్యార్థి ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. అన్నిటికన్నా ముందు, అది అబద్ధం.

అర్హత సంగతి ఒక్క మాటలో: ఇంటర్ బైపీసీలో జనరల్ కేటగిరీకి 50 శాతం, 17 ఏళ్లు నిండటం, నీట్‌లో అర్హత; కోర్సు నాలుగేళ్లు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది; రాష్ట్ర కౌన్సెలింగ్ వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు హెల్త్ యూనివర్సిటీది.

బీడీఎస్‌లో ఇష్టపడి చేరేవాళ్లకు నా సలహా. కాలేజీకి వెళ్లినప్పుడు భవనం చూడకండి, ఓపీకి రోజూ ఎంతమంది వస్తున్నారో చూడండి. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, దిల్‌సుఖ్‌నగర్ కమలానగర్‌లోనే పాణినీయ ఉంది. ఎక్కడైనా సరే ఒక ఉదయమంతా కూర్చుని గమనించవచ్చు. పరిశోధనలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ఏడాదికి ఎన్నిసార్లు కూర్చుంటుంది, గత ఏడాది ఐసీఎంఆర్ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కు ఎంతమంది విద్యార్థులు ఎంపికయ్యారు అని అడగండి. 1979 నుంచి నడుస్తున్న ఆ పథకం ఎంబీబీఎస్‌తో పాటు బీడీఎస్ వాళ్లకూ ఉంది. గైడ్‌తో కలిసి ఒక చిన్న ప్రశ్న ఎంచుకుని రెండు నెలలు నిజమైన పని చేయవచ్చు, స్టైపెండ్ కూడా ఇస్తారు. డిగ్రీ అయ్యాక అందరూ ఆర్థోడాంటిక్స్, ఇంప్లాంట్ల వెంట పరుగెడతారు. నాకు మాత్రం పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ, ఓరల్ పాథాలజీ అంటే పక్షపాతం. పోటీ తక్కువ, ప్రశ్నలు పెద్దవి. బీడీఎస్ తర్వాత ఎంపీహెచ్ చేయడానికి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐపీహెచ్ ఊళ్లోనే ఉన్నాయి. ఈ దారిలో జీతం ఆలస్యంగా వస్తుంది, క్లినిక్ బాగా నడిచేవాళ్లంత రాదు. పూర్తికాలపు డెంటల్ రీసెర్చ్ ఉద్యోగాలు మన దేశంలో తక్కువ. ఇది దాచి పిల్లలను పంపకూడదు.

ప్రశ్నలంటే ఇష్టముండి, రోగుల నోట్లో చేయి పెట్టడం ఇష్టం లేని పిల్లను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీలో చేర్చండి. మేనేజ్‌మెంట్ సీటు ఒక ఏడాది ఫీజులో డిగ్రీ మొత్తం అయిపోతుంది. ఆపైన ఎమ్మెస్సీ, సీఎస్‌ఐఆర్ నెట్, ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ. ఆ ల్యాబ్‌లు ఎక్కడో లేవు. ఎల్బీనగర్ నుంచి నాగోల్ వెళ్లి మెట్రో ఎక్కితే ఉప్పల్ దగ్గర సీడీఎఫ్‌డీ, ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్ దగ్గర సీసీఎంబీ, తార్నాకలో పోషకాహార సంస్థ. సెప్టెంబరు 26 సీఎస్‌ఐఆర్ స్థాపన దినం. ఆ రోజుల్లో ఆ సంస్థ ల్యాబ్‌లు విద్యార్థులను లోపలికి రానిస్తుంటాయి, తేదీ వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఆ ఒక్కరోజు కోచింగ్ మాన్పించి మీ పిల్లను అక్కడికి తీసుకెళ్లండి. లోపల ప్రశ్నలు మాత్రం ఆమెనే అడగనివ్వండి.