కారునకు ఆక్సిజన్ సెన్సారును ఎంచుకొను విధము

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల రైతుసోదరులలో పలువురు నేడు పెట్రోలు కార్లు కలిగియున్నారు. వానిలో పెక్కు ఇతరులు వాడి అమ్మినవి. వరంగల్లు ఎనుమాముల మార్కెట్టునకు పోవలెనన్నను, రాత్రివేళ రోగిని ఆసుపత్రికి చేర్పవలెనన్నను ఆ కారే ఆధారము. అట్టి కారులో చెక్ ఇంజన్ దీపము వెలిగి, పెట్రోలు ఖర్చు పెరిగినపుడు “ఆక్సిజన్ సెన్సారు పోయినది, మార్చవలె” నను మాట తరచుగ వినబడును. ఆ మాట నిజమో కాదో తెలియుట యెట్లు? నిజమైనచో ఎట్టిదానిని కొనవలయును? ఈ నెల పాఠమున దీనిని వివరించుచున్నాము. ట్రాక్టర్లకును, పాత డీజిలు బండ్లకును ఇది వర్తింపదు.

పెట్రోలు పూర్తిగ మండుటకు ఒక పాలు పెట్రోలునకు తూకమున సుమారు 14.7 పాళ్లు గాలి కావలయును. ఇంజను విడుచు పొగలో ఆక్సిజన్, అనగా ప్రాణవాయువు, ఎంత మిగిలినదో కనిపెట్టి బండిలోని కంప్యూటరునకు తెలుపునదే ఈ సెన్సారు. జర్మనీ దేశపు బాష్ కంపెనీ దీని తయారీని 1976లో ఆరంభించెను. లోపల జిర్కోనియా యను ఒక విధమగు పింగాణియు, దానిపై ప్లాటినపు పూతయు ఉండును. సామాన్యపు సెన్సారు పెట్రోలు ఎక్కువైనచో సుమారు 0.9 వోల్టు, గాలి ఎక్కువైనచో సుమారు 0.1 వోల్టు చూపును. సుమారు 300 డిగ్రీల వేడి యెక్కినగాని ఇది సరిగ పనిచేయదు. అందుచే లోపలనే హీటరు నమర్చుదురు. నేడు పెట్రోలులో ఇథనాలును కలుపుచున్నారు. మనము పండించు మొక్కజొన్న కూడ దానికి ముడిసరుకే. ఇథనాలు కలిసినపుడు గాలికి తగిన ఇంధనపు పాలు కొంత పెరుగవలయును. ఆ లెక్క సరిచూచుటకును ఈ సెన్సారే ఆధారము.

ఇక మా యనుభవము. మా కారులో దీపము వెలిగినపుడు ఒక మెకానిక్కు పరీక్షింపకయే సెన్సారు మార్పుమనెను. మేమును ధర తక్కువగ నున్నదని పేరులేని సరుకు కొంటిమి. వారము తిరుగకముందే దీపము మరల వెలిగెను. వేరొక మేస్త్రీ బండి క్రిందికి దూరి చూడగా, సెన్సారు తీగను ఎలుక కొరికియుండెను! మూరెడు తీగతో పోవు పనికి ఎరువులకై దాచిన సొమ్ము ఖర్చయ్యెను. రోగమొకటి, మందొకటి యగుట యిదియే.

కావున కొనుటకు ముందు స్కానరుతో కోడు చూపించుకొనవలయును. పి0135 అని వచ్చినచో ముందరి సెన్సారు హీటరు సర్క్యూటులో లోపమని యర్థము. అపుడు సైతము ఫ్యూజును, తీగను, కప్లరును చూచిన పిదపనే సెన్సారును అనుమానింపవలయును. పి0420 అనునది పొగను శుద్ధిచేయు కెటలిటిక్ కన్వర్టరు పనితనమునకు సంబంధించినది. అది వచ్చినంతమాత్రమున సెన్సారు చెడినదని తలపరాదు. సైలెన్సరు గొట్టమునకు ముందుభాగమున చిల్లిపడినచో బయటిగాలి చొరబడి సెన్సారు తప్పులెక్క చెప్పును. ఇంజను ఆయిలు మండి నీలిపొగ వచ్చుచున్నచో మొదట దానిని బాగుచేయింపవలయును. లేనిచో క్రొత్త సెన్సారును పాతదాని దారినే పోవును.

మార్పక తప్పదని తేలినచో ఈ విషయములు గమనింపదగినవి.

మొదటిది స్థానము. కన్వర్టరునకు ముందున్నది పెట్రోలు పాలును నిర్ణయించుటకు తోడ్పడును. వెనుకనున్నది కన్వర్టరు పనిని కనిపెట్టును. ఒకదానికి బదులు మరియొకటి బిగింపరాదు.

రెండవది జాతి. సామాన్యపు సెన్సారు వేరు, గాలి పెట్రోళ్ల పాలును సూక్ష్మముగ కొలుచు వైడ్‌బ్యాండు సెన్సారు వేరు. నాలుగు తీగలు గలవానిలోను రెండు జాతులును కలవు. తీగలు లెక్కించి కొనినచో మోసపోవుదుము.

మూడవది నంబరు. పాత సెన్సారుపై నున్న నంబరును, ఆర్.సి.లోని చాసిస్ నంబరును దుకాణమున చూపి, కప్లరును, తీగ పొడవును సరిపోల్చుకొనవలయును. కప్లరు లేక, తీగలు కోసి అతుకవలసిన రకము చవుకయే గాని, అతుకు సరిగ కుదురనిచో నీరు చేరి చెడును.

నాలుగవది తయారీ. బండి కంపెనీ సరుకుగాని, బాష్, డెన్సో, ఎన్‌టికె వంటి పేరుగల సరుకుగాని నమ్మదగినది. అయితే పేరుగలవానికి నకిలీలును ఉండును. కావున బిల్లు లేక కొనరాదు. విత్తనపు సంచి చీటిని, బిల్లును పంట చేతికి వచ్చువరకు దాచుట మనకు అలవాటే గదా!

బిగించునపుడు ఇంజను కొంచెము గోరువెచ్చగ నుండినచో పాతది సులభముగ ఊడును. సాధారణముగ 22 నంబరు పానా సరిపోవును. మరలకు పూయు మందు మరలకే గాని కొనకు తగులరాదు. కొనను నూనెచేతితో ముట్టరాదు. సిలికాన్ గమ్ము ఆవిరియు దీనికి విషమే.

ప్రతిసంఘమునను ఒక చిన్న స్కానరును ఉంచుకొని సభ్యులు వంతుగ వాడుకొన్నచో పెక్కువృథావ్యయములు తప్పును. ఒక్కరికి భారమైనది పదుగురకు తేలిక యగుటయే సహకారము. సభ్యులు రాబోవు సమావేశమున ఈ విషయమును ఆలోచింతురుగాక యని కోరుచున్నాము.