పాచిక చెప్పినట్టా, మేడం చెప్పినట్టా?



పోయిన పేరెంట్-టీచర్ మీటింగ్‌లో ఒక నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, లేవబోతూ ఆగారు. "మేడం, మావాడు శనివారం మీ ఇంగ్లీషు క్లబ్ నుంచి వచ్చి, గుహలో డ్రాగన్‌ని తాళం చెవి అడిగానంటున్నాడు. ఇది చదువేనా?" అన్నారు. వెనక ఇంకా పది మంది లైన్లో ఉన్నారు. అవునని మాత్రం చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను, నేను చేసిన ఒక పొరపాటుతో సహా.

ఈ ఆటల్ని టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. స్క్రీన్ ఉండదు. నలుగురైదుగురు పిల్లలు బల్ల చుట్టూ కూర్చుంటారు, ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. కథ నడిపే వాళ్లని గేమ్ మాస్టర్ అంటారు. మా క్లబ్‌లో అది నేనే. "నది మీద వంతెన, వంతెన మీద కాపలావాడు. ఏం చేస్తారు?" అని అడుగుతాను. పిల్లలు ఇంగ్లీషులో చెప్పాలి. పని జరుగుతుందో లేదో తేలని చోట ఇరవై ముఖాల డైస్ వేస్తారు. వీటిలో బాగా పేరున్న డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌ని గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారు చేశారు. అది 1974లో అమెరికాలో వచ్చింది. ఇప్పుడు దాని రూల్స్ వందల పేజీలు. అయినా ఆ పుస్తకంలో లేని పని ఏదో ఒకటి పిల్లలు చేస్తామంటారు. అప్పుడు పేజీలు తిరగేయాలా, అప్పటికప్పుడు తీర్పు చెప్పాలా?

ఈ తగువు మాతో మొదలైంది కాదు. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే లెఫ్టినెంట్ మ్యాప్ మీద ఆడే యుద్ధక్రీడ ఒకటి సిద్ధం చేశాడు. ఎంత నష్టం జరిగిందో డైస్, పట్టికలు చూసి లెక్క కట్టాలి. రానురాను లెక్కలే ఎక్కువై ఆట నత్తనడక నడిచింది. 1876లో వెర్డీ దు వెర్నువా అనే అధికారి ఆ పట్టికలు పక్కన పెట్టి, అనుభవమున్న అంపైర్ తీర్పుకే వదిలేద్దామన్నాడు. అనుభవం లేని అంపైర్ గతేమిటన్నది నా సందేహం!

1960ల చివర్లో అమెరికాలోని మినెసోటాలో డేవిడ్ వెస్లీ తన మిత్రులకు ఒక ఊహా పట్టణంలో తలో పాత్ర ఇచ్చి ఆట పెట్టాడు. ఇద్దరు ద్వంద్వయుద్ధం చేస్తామన్నారు. దానికి రూలే లేదు. ఏదో ఒకటి అక్కడికక్కడే తేల్చాడు. ఆట పాడైందనే అనుకున్నాడు, మిత్రులేమో మళ్లీ పెట్టమన్నారు. ఆ మిత్రుల్లో ఆర్నెసన్ ఒకడు.

ఇక నా సంగతి. క్లబ్‌లో పెద్దగా మాట్లాడని ఆరో తరగతి పాప ఒకతి ఉంది. వంతెన దగ్గర అందరూ కత్తులు తీస్తుంటే, తను కాపలావాడికి జోలపాట పాడతానంది, పూర్తి ఇంగ్లీషు వాక్యంలో. అందుకు రూల్ లేదు. పదిహేను గానీ ఆపైన గానీ పడాలన్నాను. ఇరవై ముఖాల్లో ఆరు, అంటే 30 శాతం అవకాశం. తొమ్మిది పడింది. ఆ మొహం చూసి, "వాడు నిద్రపోయాడు" అనేశాను.

తర్వాత ఒక బాబు కాలువ దూకాడు. అతనికీ పదిహేనే. పదమూడు పడింది. నీళ్లలో పడ్డావన్నాను. "మేడం, ఆ అమ్మాయి తొమ్మిది పాస్, నా పదమూడు ఫెయిలా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వాడు గొడవ చేయలేదు, డైస్ డబ్బాలో పెట్టేసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. బెల్ కొట్టాక ఆ పాప నా దగ్గరికొచ్చి, "నేను ఓడిపోయాను కదా మేడం" అంది. అది ఇంకా గుచ్చుకుంది.

రూల్ లేని చోట సొంతంగా తేల్చడం తప్పు కాదు. డైస్ పడ్డాక తేల్చాను, అదీ నా తప్పు. పేపర్ దిద్దాక ఒక్కరికే మార్కులు కలిపినట్టు. జోలపాట ఆలోచన నాకు నచ్చితే ముందే ఎనిమిది చాలనాల్సింది. అప్పుడు 65 శాతం అవకాశం ఉండేది. లేదా డైసే వద్దనాల్సింది. ఓడినా కథ ఆగక్కర్లేదు: కాపలావాడు నిద్రపోకుండా, తన కూతురి కోసం ఇంకో చరణం పాడమని అడగొచ్చు. పాపకు ఇంకో నాలుగు వాక్యాలు మాట్లాడే అవకాశం దొరికేది.

అష్టాచెమ్మా ఆడిన వాళ్లకి ఇది తెలిసిందే. ఒక్కో ఇంట్లో ఒక్కో రూల్. గవ్వలు వేయకముందే మాట్లాడుకుంటే పేచీ ఉండదు, వేశాక మారిస్తే తొండి అంటారు.

ఇప్పుడు నంబర్, ఓడితే ఏమవుతుందో రెండూ ముందే బోర్డు మీద రాస్తున్నాను. పుస్తకం కోసం ఆట ఆపను. ఒక్క నిమిషంలో తీర్పు చెప్పి నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఇంటికెళ్లి పుస్తకం చూస్తాను, వచ్చే వారం నుంచి ఆ రూల్ అందరికీ ఒకటే. నా తీర్పు నచ్చకపోతే ఎందుకో ఇంగ్లీషులో చెప్పి ఒప్పించమంటాను. "బికాజ్" అనే మాట వర్క్‌షీట్లలో కన్నా అక్కడే ఎక్కువ వినిపిస్తోంది.

తర్వాతి శనివారం ఆ బాబు వస్తాడో రాడో అనుకున్నాను. వచ్చాడు. డైస్ గుప్పిట్లో పట్టుకుని, నేను చాక్‌పీస్ తీసేదాకా వేయలేదు.