చుట్టపుచూపుగా వెళ్ళి కప్పు గెలిచారు

ఒక ఊళ్ళో జాతర జరుగుతోంది. ఊరి వాళ్ళు ఆటల పోటీలు పెట్టారు. పక్క ఊరి వాళ్ళను కూడా పిలిచారు. "మీరూ వచ్చి ఆడండి" అన్నారు. వాళ్ళు వచ్చారు. ఆడారు. చివరికి బహుమతి వాళ్ళే పట్టుకుపోయారు. ఊరి వాళ్ళు ఏమంటారు? ఏమీ అనలేరు. పిలిచింది వాళ్ళే గదా!

ఇలాంటి సంగతి 1975లో నిజంగా జరిగింది. జరిగింది ఊరి జాతరలో కాదు. ఆసియా ఖండం పోటీల్లో. ఆడినవాళ్ళు ఆడవాళ్ళు. ఆట ఫుట్‌బాల్.

ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడే బంతి ఆట. ఒక్కో జట్టులో 11 మంది ఉంటారు. గోలు దగ్గర కాపలా ఉండే మనిషి తప్ప ఎవరూ బంతిని చేత్తో ముట్టకూడదు. బంతిని తన్నుకుంటూ పోయి అవతలి వాళ్ళ గోలులో వేయాలి. ఎవరు ఎక్కువ గోల్స్ వేస్తే వాళ్ళు గెలిచినట్టు.

మన దేశం ఆసియా ఖండంలో ఉంది. చైనా, జపాన్, థాయ్‌లాండ్ కూడా ఆసియాలోవే. ఆసియా పోటీల్లో ఆసియా దేశాలే ఆడాలి. కాని ఒక్కోసారి బయటి దేశాన్ని కూడా పిలుస్తారు. అలా వచ్చిన జట్టును అతిథి జట్టు అంటారు. 1975లో అలా వచ్చిన జట్టు న్యూజీలాండ్.

న్యూజీలాండ్ ఎక్కడ ఉంది? ఆస్ట్రేలియా దాటి ఇంకా అవతల, సముద్రం మధ్యలో ఉంది. రెండు పెద్ద దీవులు, చుట్టూ చిన్న దీవులు. అంతే ఆ దేశం. అక్కడ మనుషుల కంటే గొర్రెలు ఎక్కువ. ఆ దేశానికి ఒక మంచి పేరు ఉంది. ఆడవాళ్ళకు ఓటు హక్కు ఇచ్చిన మొదటి దేశం అదే. ఆ సంగతి 1893లో జరిగింది. కాని దేశం పేరు మీద ఫుట్‌బాల్ ఆడే ఆడవాళ్ళ జట్టు మాత్రం 1975లో గాని రాలేదు. 1975లోంచి 1893 తీసివేయండి. ఎన్ని ఏళ్ళు? 82 ఏళ్ళు. ఓటు ముందు వచ్చింది, బంతి వెనక వచ్చింది!

ఎందుకు అంత ఆలస్యం? ఆ సంగతి తెలియాలంటే ఇంగ్లండుకు వెళ్ళాలి. ఈ ఆట పద్ధతులు రాసుకున్నది ఇంగ్లండు వాళ్ళే. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడి మగవాళ్ళు యుద్ధానికి వెళ్ళారు. ఆడవాళ్ళు ఫ్యాక్టరీల్లో పనికి చేరారు. పని మధ్యలో తీరిక దొరికితే బంతి ఆడేవాళ్ళు. అలా జట్లు తయారయ్యాయి. వాళ్ళ ఆట చూడటానికి జనం టిక్కెట్లు కొన్నారు. ఆ డబ్బు దెబ్బలు తిన్న సైనికుల కోసం ఇచ్చారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్ ఊళ్ళో ఆడవాళ్ళ ఆట చూడటానికి 53 వేల మంది వచ్చారు.

అంతమంది వస్తే పెద్దలు సంతోషించాలి గదా? సంతోషించలేదు. ఏడాది తిరగకముందే, 1921 డిసెంబరులో, ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం ఒక కట్టుబాటు పెట్టింది. ఈ ఆట ఆడవాళ్ళకు తగదు అంది. సంఘంలో చేరిన ఏ క్లబ్బూ తన మైదానం ఆడవాళ్ళకు ఇవ్వకూడదు అంది. ఆ మాట 50 ఏళ్ళు నిలిచింది. బ్రెజిల్ అయితే 1941లో చట్టమే చేసింది. జర్మనీలో కూడా 1955లో ఆపేశారు. ఆట ఒంటికి మంచిది కాదు అనేది వాళ్ళు చెప్పిన ఒక సాకు. అదే ఆడవాళ్ళు ఫ్యాక్టరీలో బరువులు మోస్తే ఎవరూ కాదనలేదు.

ఇప్పుడు ఆసియాకు వద్దాం. 1968లో కొన్ని దేశాల ఆడవాళ్ళు కలిసి సొంతంగా ఒక సంఘం పెట్టుకున్నారు. పేరు ఆసియా మహిళల ఫుట్‌బాల్ సంఘం. హాంకాంగ్‌కు చెందిన వెరోనికా చియూ అనే ఆమె దాన్ని నడిపించింది. మగవాళ్ళ సంఘం అప్పటికే ఉంది. కాని అది వీళ్ళను కలుపుకోలేదు. 1986 దాకా కలుపుకోలేదు. అయినా వీళ్ళు ఆగలేదు. కలుపుకోకపోతే మానె, మా పోటీలు మేమే పెట్టుకుంటాం అన్నారు. 1975లో హాంకాంగ్‌లో మొదటి పోటీలు పెట్టారు.

మొత్తం ఆరు జట్లు వచ్చాయి. హాంకాంగ్, మలేషియా, సింగపూర్, థాయ్‌లాండ్. ఈ నాలుగూ ఆసియావి. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ బయటివి.

న్యూజీలాండ్ జట్టు అంతకు ముందు ఏ దేశంతోనూ ఆడలేదు. ఒక్క ఆట కూడా ఆడలేదు. ఆ దేశంలో ఆడవాళ్ళ ఫుట్‌బాల్ సంఘం పుట్టింది కూడా ఆ ఏడాదే. జట్టు నాయకురాలు బార్బరా కాక్స్. ఆమె అప్పటికే పిల్లల తల్లి. వాళ్ళు సుమారు తొమ్మిది వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి హాంకాంగ్ చేరారు. ఆగస్టు నెల. న్యూజీలాండ్‌లో అది చలికాలం. హాంకాంగ్‌లో మాత్రం ఎండ, ఉక్కపోత, వానలు. చలిలోంచి వచ్చినవాళ్ళకు ఆ ఉక్కలో పరుగెత్తడం తేలిక కాదు.

ఆగస్టు 25న మొదటి ఆట. ఎదుట హాంకాంగ్. పిలిచిన ఇంటివాళ్ళతోనే ఆట! న్యూజీలాండ్ 2 గోల్స్ వేసింది. హాంకాంగ్ ఒక్కటీ వేయలేదు. తర్వాత మలేషియాను 3-0తో ఓడించింది. ఇక సెమీఫైనల్. ఎదుట ఆస్ట్రేలియా. ఇద్దరూ చుట్టాలే, ఇద్దరూ పక్కపక్క దేశాల వాళ్ళే. ఇది గట్టి ఆట. న్యూజీలాండ్ 3, ఆస్ట్రేలియా 2. ఒక్క గోలు తేడా. అంత దూరం ప్రయాణం చేసి వచ్చి, ఇరుగుపొరుగు వాళ్ళే తలపడ్డారు.

సెప్టెంబరు 3న ఫైనల్. ఎదుట థాయ్‌లాండ్. న్యూజీలాండ్ 3-1తో గెలిచింది. కప్పు అతిథుల చేతికి వచ్చింది.

ఇప్పుడు ఒక లెక్క చేయండి. పలక గాని కాగితం గాని తీసుకోండి. న్యూజీలాండ్ వేసిన గోల్స్ 2, 3, 3, 3. కూడితే ఎంత? 11. ఎదుటివాళ్ళు వేసినవి 0, 0, 2, 1. కూడితే 3. నాలుగు ఆటలు ఆడారు. నాలుగూ గెలిచారు. ఆసియా పోటీల్లో న్యూజీలాండ్ ఆడవాళ్ళ లెక్క ఇంతే. ఒక్కసారి వెళ్ళారు, ఒక్క ఆటా ఓడలేదు. ఆసియా మహిళల కప్పు గెలిచిన దేశాల పట్టిక తీస్తే మొదటి వరసలో ఉండే పేరు న్యూజీలాండ్. అది ఆసియా దేశం కాదు. అయినా ఆ పేరు అక్కడే ఉంటుంది.

బార్బరా కాక్స్ ఆ తర్వాత కూడా ఆడింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. కూతురు మిషెల్ కూడా ఫుట్‌బాల్ నేర్చుకుంది. 1987లో తల్లీ కూతురూ ఒకే జట్టులో దేశం కోసం ఆడారు. మన దగ్గర తల్లీ కూతురూ కలిసి నాటుకు వెళ్తారు, కలుపుకు వెళ్తారు. కలిసి బంతి ఆటకు వెళ్ళినవాళ్ళు మీకు తెలుసా?

2023లో ఆడవాళ్ళ ప్రపంచ కప్పు పోటీలు న్యూజీలాండ్, ఆస్ట్రేలియా కలిసి పెట్టాయి. జూలై 20న ఆక్లాండ్ నగరంలో మొదటి ఆట. 42 వేలకు పైగా జనం వచ్చారు. న్యూజీలాండ్ నార్వేను 1-0తో ఓడించింది. ప్రపంచ కప్పులో ఆ దేశం ఆడవాళ్ళకు అదే మొదటి గెలుపు. 1975 నుంచి 48 ఏళ్ళు పట్టింది.

అతిథి కథ ఇంకొకటి ఉంది. ఇది తిరగేసిన కథ. తైవాన్ ఆసియాలో ఉన్న దీవి. తైవాన్‌కూ చైనాకూ పడదు. 1974లో ఆసియా మగవాళ్ళ సంఘం చైనాను చేర్చుకుని తైవాన్‌ను బయటికి పంపింది. అప్పుడు న్యూజీలాండ్ వైపు దీవుల సంఘం తైవాన్‌కు చోటిచ్చింది. ఆసియా ఆడవాళ్ళ సంఘం వేరే గదా, అందుకని తైవాన్ ఆడవాళ్ళు కొన్నాళ్ళు ఆసియాలో ఆడుతూనే ఉన్నారు. 1977 నుంచి వరసగా మూడుసార్లు కప్పు గెలిచారు. ఆ జట్టును ములాన్ జట్టు అంటారు. ములాన్ చైనా కథల్లోని వీరవనిత. తండ్రికి బదులు మగవేషం వేసుకుని యుద్ధానికి వెళ్ళిందట. మన ఓరుగల్లు రుద్రమదేవి మగవేషంలో రాజ్యం ఏలింది అని చెబుతారు గదా, అలాగన్నమాట.

1986 ఆసియా పోటీల్లో తైవాన్ లేదు. అదే ఏడాది వాళ్ళు న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో దీవుల పోటీల్లో ఆడారు. కప్పు గెలిచారు. 1989లో ఆస్ట్రేలియాలో మళ్ళీ గెలిచారు. ఈసారి ఫైనల్లో ఓడింది న్యూజీలాండ్. 1975లో వీళ్ళు ఆసియా కప్పు తీసుకుపోయారు. ఇప్పుడు ఆసియా వాళ్ళు వచ్చి వీళ్ళ కప్పు తీసుకుపోయారు. చెల్లుకు చెల్లు!

ఆస్ట్రేలియా దారి మరోలా ఉంది. 1975లో అతిథిగా వచ్చిన ఆ దేశం 2006లో ఆసియా సంఘంలోనే చేరిపోయింది. చుట్టం ఇంటి మనిషి అయిపోయింది. 2010లో ఆసియా మహిళల కప్పు కూడా గెలిచింది.

మరి మన దేశం? 1975లో మన జట్టు హాంకాంగ్ వెళ్ళలేదు. కాని 1980 జనవరిలో ఆ పోటీలు మన కేరళలోని కోళికోడ్‌లోనే జరిగాయి. మన దేశం తరఫున రెండు జట్లు ఆడాయి. ఒకటి ఫైనల్ దాకా వెళ్ళింది. ములాన్ జట్టు చేతిలో 2-0తో ఓడింది. 1983లో మళ్ళీ ఫైనల్ చేరి థాయ్‌లాండ్ చేతిలో ఓడారు. ఆ ఏడాదే శాంతి మల్లిక్‌కు అర్జున అవార్డు వచ్చింది. ఫుట్‌బాల్‌లో ఆ అవార్డు అందుకున్న మొదటి మహిళ ఆమె.

2025 జూలైలో మన జట్టు థాయ్‌లాండ్ వెళ్ళింది. వాళ్ళ సొంత గడ్డ మీద థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించింది. 2026 ఆసియా పోటీల్లో చోటు సంపాదించింది. ఆ జట్టులో మన తెలుగు అమ్మాయి కూడా ఉంది. పేరు గుగులోత్ సౌమ్య. ఊరు నిజామాబాద్.