గెలిచే గేమ్ 'రీకనెక్టింగ్'లో పోతోందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

మా వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేసి 2024 డిసెంబర్ ఫిడే లిస్టులో 2800 దాటాక, మా గ్యాంగ్‌లో అందరికీ చెస్ పిచ్చి పట్టింది. నాక్కూడా! ఓ రాత్రి హనుమకొండలో మా బెడ్‌రూమ్‌లో కూర్చుని లీచెస్‌లో 3 నిమిషాల బ్లిట్జ్ ఆడుతున్నా. ఒక రూక్ ఎక్కువ ఉంది, గెలుపు ఖాయం. అప్పుడే 'రీకనెక్టింగ్' అని వచ్చింది. తిరిగి కనెక్ట్ అయ్యేసరికి నా టైమ్ అయిపోయింది.

వెంటనే నేను చేసిన తప్పు: 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ని 200కి మార్చా. డబ్బులు పోయాయి, ప్రాబ్లమ్ పోలేదు.

ఎందుకంటే చెస్‌కి స్పీడ్ అక్కర్లేదు. ఒక ఎత్తు పంపడానికి ఒక కిలోబైట్ కూడా పట్టదు. కావాల్సింది తెగకుండా ఉండే కనెక్షన్. గడియారం నడిచేది సర్వర్‌లో. చిన్న ల్యాగ్‌కి లీచెస్ కొంత టైమ్ తిరిగి ఇస్తుంది కానీ లైన్ పూర్తిగా తెగితే మన టైమ్ కరుగుతూనే ఉంటుంది.

కాబట్టి దారిని మూడు ముక్కలు చేసి చెక్ చేయండి.

1. ఫోన్ నుంచి రూటర్ దాకా: మీరు ఆడే చోటే ల్యాప్‌టాప్ పెట్టి, కమాండ్ ప్రాంప్ట్‌లో రూటర్ అడ్రస్‌కి పింగ్ కొట్టండి (చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1). 1–5 మిల్లీసెకన్లు వస్తే ఓకే. మధ్యమధ్యలో వందలు దాటినా, 'టైమ్డ్ అవుట్' అని వచ్చినా తప్పు వైఫైది. రూటర్ దగ్గరైతే 5 గిగాహెర్ట్జ్, గోడలు అడ్డుంటే 2.4 వాడండి.

2. రూటర్ నుంచి బయటికి: ఇప్పుడు 8.8.8.8కి పింగ్ కొట్టండి. మొదటిది బాగుండి ఇది తెగుతుంటే లైన్ ప్రాబ్లమ్. రూటర్ మీద ఎల్‌ఓఎస్ లైట్ ఎర్రగా వెలిగితే ఫైబర్ సిగ్నల్ రావట్లేదని అర్థం. కంప్లైంట్ ఇవ్వడమే.

3. సర్వర్ దాకా: లీచెస్ సర్వర్లు ఫ్రాన్స్‌లో ఉన్నాయి, మనకి దాదాపు 8 వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు వెళ్లి రావడానికే సుమారు 80 మిల్లీసెకన్లు పడుతుంది. అందుకే పింగ్ 150–200 ఉన్నా కంగారు పడకండి, నిలకడగా ఉంటే చాలు. వీపీఎన్ ఉంటే ఆఫ్ చేయండి.

మరి నా కేసులో దొంగ ఎవరు? ఫోనే! బెడ్‌రూమ్‌లో వైఫై వీక్ కాగానే దానంతట అదే మొబైల్ డేటాకి మారుతోంది. అలా మారితే ఐపీ అడ్రస్ మారుతుంది, పాత కనెక్షన్ తెగి కొత్తగా కలవాలి. సెట్టింగ్స్‌లో 'స్విచ్ టు మొబైల్ డేటా' (ఐఫోన్‌లో 'వైఫై అసిస్ట్') ఆఫ్ చేసి, హాల్లో రూటర్ దగ్గర కూర్చున్నా. అంతే, సెట్! బెడ్‌రూమే కావాలంటే వైఫై ఆపేసి పూర్తిగా డేటా మీదే ఆడండి. యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ కూడా తీసేయండి.

ఒక్కోసారి మన చేతిలో ఏమీ ఉండదు. 2020 ఆగస్టు 30న ఆన్‌లైన్ ఒలింపియాడ్ ఫైనల్లో క్లౌడ్‌ఫ్లేర్ సమస్య వల్ల నిహాల్ సరీన్, దివ్య దేశ్‌ముఖ్ కనెక్షన్ కోల్పోయి టైమ్ మీద ఓడారు. చివరికి ఫిడే భారత్, రష్యాలను ఉమ్మడి విజేతలుగా ప్రకటించింది. మన రేటింగ్ గేమ్‌కి అలా ఎవరూ రారు కదా! అందుకే నెట్ డౌట్‌గా ఉన్న రోజు 3+0 వద్దు, 5+3 ఆడండి. ప్లాన్ మార్చే ముందు పింగ్ కొట్టి చూడండి, దానికి ఖర్చు సున్నా.