తూలేవాడల్లా తాగినవాడు కాదు

గత ఏడాది ఊడ్పుల రోజుల్లో జరిగిన సంగతిది. మాది దివిసీమలో అవనిగడ్డకు దిగువన ఒక పల్లె. మా తాతయ్యకు షుగరు వ్యాధి. ఆ రోజు కాలవ నీటి వంతు మాది. తెల్లవారకుండానే బిళ్ల వేసుకుని, "వచ్చాక తింటాలే" అని చద్దన్నం గిన్నె అలాగే వదిలేసి చేలోకి వెళ్ళాడు.

పది గంటలకు నేను వెళ్ళేసరికి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళంతా చెమటలు. నన్ను మా నాన్న పేరుతో పిలుస్తున్నాడు. మాట ముద్దగా వస్తోంది, లేపితే తూలుతున్నాడు. "పొద్దున్నే పట్టించాడేంటి?" అని ఒకడు నవ్వాడు. "గాలి సోకింది" అంది ఇంకొకామె. మా తాతయ్య జన్మలో కల్లు ముట్టని మనిషి. బి.యస్సీ. చదువుతున్న నాకూ ఏమీ తోచలేదు.

పక్క చేలో నాట్లేస్తున్న పెద్దమ్మకూ షుగరే. ఆమె పరుగున వచ్చి, కొంగున కట్టుకున్న పంచదార పొట్లం విప్పి, నీళ్ళలో కలిపి గుక్కగుక్కగా తాగించింది. పావుగంటలో తాతయ్య, "ఏరా, మడికి నీళ్ళెక్కాయా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత సిగ్గుపడి పుస్తకాలు తిరగేశాను. తెలుసుకున్నది మిత్రులతో పంచుకుంటున్నాను.

మెదడు బరువు శరీరంలో నూటికి 2 వంతులే. కాని విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తిలో సుమారు 20 వంతులు అదే వాడుకుంటుంది. రోజుకు దాదాపు 120 గ్రాముల గ్లూకోజు కావాలి. కాలేయంలో, కండరాలలో గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉంటుంది. మెదడులో ఉండేది అత్యల్పం. మా శివారు రైతులకిది విడమరిచి చెప్పక్కర్లేదు. చెరువు లేని చేను కాలవ కడితే ఎండుతుంది. మెదడుకు రక్తమే ఆ కాలవ.

గ్లూకోజు నుంచి వచ్చే శక్తి ఏ.టీ.పీ. అనే పదార్థంగా కణానికి అందుతుంది. దీన్ని 1929లో జర్మనీలో లోమన్, అమెరికాలో ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. గ్లూకోజు తగ్గేకొద్దీ మెదడు కణాల సంకేతాలు తారుమారవుతాయి. మరీ తగ్గితే ఏ.టీ.పీ. కూడా అడుగంటుంది.

నూరు మిల్లీలీటర్ల రక్తంలో గ్లూకోజు 70 మిల్లీగ్రాములకు తగ్గితే హెచ్చరిక. సాధారణంగా ఎడ్రినలిన్ ఊరి చెమట, వణుకు, గుండెదడ, ఆకలి కలుగుతాయి. 54కు దిగువన ప్రమాదం: తికమక, ముద్దమాట, కారణంలేని కోపం. ఇంకా తగ్గితే ఫిట్స్, స్పృహ కోల్పోవడం. అలాగే చాలాసేపు వదిలేస్తే మెదడు శాశ్వతంగా దెబ్బతినవచ్చు, ప్రాణమే పోవచ్చు.

పరీక్షలప్పుడు టిఫిను మానేసే మన మిత్రులు హడలిపోనక్కర్లేదు. ఆరోగ్యవంతుడికి కాలేయం గ్లూకోజు విడుదలచేసి ఆదుకుంటుంది. ఇన్సులిన్ గాని, దాన్ని ఊరించే బిళ్లలు గాని వాడేవాళ్ళు తిండి మానితేనే అసలు ముప్పు.

మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్ళలో కలిపి ఇవ్వాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి. తేరుకున్నాక అన్నం పెట్టాలి. బందరు లడ్డు ఎంత తీపైనా ఇక్కడ పనికిరాదు. అందులోని నెయ్యి వల్ల తీపి రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి. కొన్ని బిళ్లల ప్రభావం చాలా గంటలుంటుంది. అందుకే తేరుకున్నా డాక్టరుకు చూపించాలి. తాతయ్యను మేమూ ఆ మధ్యాహ్నమే తీసుకెళ్ళాం.

ఇప్పుడు తాతయ్య మొలలో పంచదార పొట్లం లేనిదే గడప దాటడు. నన్ను మాత్రం ఒక ఆలోచన వదలడం లేదు. ఆ గట్టు మీద కూర్చున్నది ఇంకొకరి తాతయ్య అయి ఉంటే, నవ్వినవాళ్ళలో నేనూ ఉండేవాణ్ణేమో! బందరు బస్టాండులోనో గుడివాడ బజారులోనో ఎవరైనా తూలుతూ కనిపిస్తే, నవ్వేముందు ఒక్క మాట అడగండి: "షుగరుందా? ఏమన్నా తిన్నారా?"