భయము – అభయము

భగవద్గీత పదునారవ అధ్యాయమున దైవీసంపద్గుణములలో మొట్టమొదట చెప్పబడినది అభయము. దానము, తపస్సు, సత్యము, అహింస దాని తరువాతనే వచ్చుచున్నవి. ఇందలి అంతరార్థమును ప్రహ్లాదచరిత్రము మనకు విశదపరచును.

హిరణ్యాక్షుడు వరాహమూర్తిచే హతుడు కాగా హిరణ్యకశిపునకు మొదట శోకము, పిదప మృత్యుభీతి కలిగెను. పగలు గాని రాత్రి గాని, లోపల గాని వెలుపల గాని చావు లేకుండ అతడు వరము కోరెను. ఆ వరమందలి ఒక్కొక్క నియమము అతని భయమునకు ఒక్కొక్క రూపము. వరము లభించినను భయము పోలేదు. అది అనుమానమై, క్రోధమై, తుదకు ఐదేండ్ల బాలుని మాటకే కలతపడు స్వభావమై నిలిచెను.

ప్రహ్లాదుడు భయార్తయైన తల్లి గర్భమున నున్నవాడు. ఇంద్రుడు కయాధువును చెరగొనిపోవుచుండగా నారదుడు విడిపించి, భర్త తపస్సునుండి మరలి వచ్చువరకు తన ఆశ్రమమున నుంచి తత్త్వము బోధించెను. బెదరిన తల్లికి లభించిన ఆశ్రయమే బిడ్డకు ధైర్యమైనది. కావుననే లక్ష్మీదేవి సయితము చేర జంకిన నృసింహుని అతడు చేరి, ఈ రూపమునకు వెరవను, సంసారమునకే వెరతునని విన్నవించెను. భయము తగిన చోటికి మరలినది.

మన పాలమూరులో కరవువలన తలిదండ్రులు వలసపోగా అవ్వతాతల చెంత పెరిగిన పిల్లలెందరో. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో ఫ్లోరైడు నీటిచే ఎముకలు వంగినవారిని చూచి బిడ్డలకై తల్లడిల్లిన తల్లులెందరో. ఆ దిగులు దోషము కాదు. దానిని పెద్దలు కసురుగాను బెదిరింపుగాను మార్చి పిల్లలపై మోపుటయే దోషము. బూచి వచ్చునని జడిపించిన బాలుడు నిజము దాచుట నేర్చును. అక్కున చేర్చుకొనబడిన బాలుడు నిజము చెప్పుట నేర్చును.

2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన మన యాదగిరిగుట్టయందు మనోవ్యాధిగ్రస్తులచే మండలకాలము ప్రదక్షిణములు చేయించు ఆచారము కలదు. అన్ని దినములు ఇంటివారు రోగిని విడువక తోడుండుట ఈ సేవలో ముఖ్యభాగము. అయితే నిద్రాహారములు చెడునంత భయము పట్టినవానికి వైద్యుని మందు మాన్పించి ప్రదక్షిణములు చేయింపరాదు. రెండును సాగవలెను; కయాధువునకు నారదుడెట్లో, రోగికి వైద్యుడును అట్టి ఆశ్రయమే.

స్వామి అభయహస్తమును దర్శించి ఇల్లు చేరిన భక్తుడు, చీకటికి జడిసిన తన బిడ్డకు ముందుగా తన చేతిని అందించుగాక!