మన మసాలాలతోనే వియత్నాం చికెన్ ఫో: ఎలా చేయాలి?

వియత్నాం ఉత్తర భాగంలో, హనోయ్, నామ్ దిన్ పరిసరాల్లో 20వ శతాబ్దం మొదట్లో పుట్టిన నూడుల్స్ చారు ఫో. మొదట గొడ్డుమాంసంతో చేసేవారు. కోడిమాంసంతో చేసే 'ఫో గా' ఆ తర్వాత వచ్చింది. 1954లో దేశం రెండుగా చీలినప్పుడు ఉత్తరాది నుంచి లక్షల మంది దక్షిణానికి తరలిపోయారు. వాళ్లతో పాటు ఈ వంటా సైగాన్ అంతటా పాకి, అక్కడ మొలకలు, రకరకాల ఆకులు, తియ్యటి సాసులు చేర్చుకుంది. ఇక్కడ చెప్పబోయేది హనోయ్ పద్ధతికి దగ్గరగా ఉండే చికెన్ ఫో.

ఇందులో వేసే మసాలాలన్నీ మన వంటింట్లో ఉన్నవే. వాడే తీరు మాత్రం వేరు. మనం వాటిని వేయించి, పొడికొట్టి కూరలో కలిపేస్తాం. ఫోలో అవి చారుకు వాసన ఇచ్చి బయటికి వచ్చేస్తాయి. నూనె, పసుపు, కారం, తాలింపు ఏవీ పడవు. అడుగు కనిపించేంత తేటగా ఉన్న చారే దీనికి గొప్ప. అది మంటను అదుపులో పెట్టినవాళ్లకే దక్కుతుంది.

కావలసినవి (నలుగురికి)

- చర్మంతో ఉన్న కోడి: సుమారు 1.3 కిలోలు
- నీళ్లు: మూడున్నర లీటర్లు
- ఉల్లిపాయలు: 2 పెద్దవి
- అల్లం: నాలుగు అంగుళాల ముక్క
- అనాసపువ్వులు 3, లవంగాలు 4, వేలెడంత దాల్చినచెక్క, ధనియాలు ఒక టేబుల్ స్పూన్
- ఫిష్ సాస్: 3 టేబుల్ స్పూన్లు
- పటికబెల్లం: చిన్న ముక్క (20 గ్రాములు)
- వెడల్పాటి రైస్ నూడుల్స్: 300 గ్రాములు
- ఉల్లికాడలు, కొత్తిమీర, నిమ్మకాయలు, పచ్చిమిర్చి, ఉప్పు

చికెన్ కొనేటప్పుడు కూరముక్కలుగా కొట్టించకండి. చర్మం తీయకుండా, రెండు సగాలుగా మాత్రం కోయించండి. చర్మంలోని కొవ్వే చారుకు కమ్మదనం. దుకాణంలో కాళ్లు, మెడలు దొరికితే అవీ వేయండి, చారు చిక్కబడుతుంది.

ఫిష్ సాస్‌ను నెత్తళ్లు, ఉప్పు కలిపి నెలల తరబడి పులియబెట్టి తీస్తారు. వియత్నాంలో ఫూ కువాక్ దీవి దీనికి పేరుపొందింది. సీసా మూత తీయగానే వాసన గుప్పుమంటుంది గానీ, చారులో కలిశాక ఆ ఘాటు పోయి రుచి మిగులుతుంది.

చేసే విధానం

1. కోడిని శుభ్రం చేయాలి. గిన్నెలో కోడి మునిగేలా చన్నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టండి. మరగడం మొదలైన మూడు నిమిషాలకు నీళ్లన్నీ వంపేసి, కోడినీ గిన్నెనూ కడగండి. చారును మురికి చేసే నెత్తురు, తెట్టు చాలావరకు ఇక్కడే పోతాయి.

2. ఉల్లి, అల్లం కాల్చాలి. పచ్చడికి వంకాయ కాల్చినట్టే వీటినీ పొట్టుతో సహా మంట మీద పెట్టి, పైన నల్లబడేదాకా తిప్పుతూ కాల్చండి. మాడిన పొట్టు తీసేసి అల్లాన్ని ఒక్క దెబ్బ కొట్టండి. చారుకు తియ్యదనం, లేత పొగవాసన వస్తాయి. ఇండక్షన్ పొయ్యి అయితే పొడి పెనం మీద కాల్చినా సరిపోతుంది.

3. మసాలా మూట కట్టాలి. దినుసులను నూనె లేకుండా సన్నసెగ మీద రెండు నిమిషాలు వేయించి, పలుచని బట్టలో మూటకట్టండి.

4. సన్నసెగ మీద ఉడికించాలి. కోడి, ఉల్లి, అల్లం, ఒక చెంచా ఉప్పు వేసి, మూడున్నర లీటర్ల నీళ్లు పోయండి. మరగగానే మంట బాగా తగ్గించండి. బుడగలు ఒకటీ అరా నెమ్మదిగా పైకి రావాలి. గలగలా మరిగితే కొవ్వు చిన్న చిన్న బిందువులుగా విడిపోయి నీళ్లలో కలిసిపోతుంది, చారు తెల్లగా మసకబారుతుంది. విజిల్ కుక్కర్ వద్దనేది అందుకే. మూత పెట్టకండి, గరిటెతో కలపకండి. పైకి తేలిన తెట్టును మాత్రం తీసేస్తుండండి.

5. మాంసం తీయాలి. 40 నిమిషాలకు తొడ దగ్గర గుచ్చి చూడండి. కారే రసం ఎర్రగా కాక తేటగా ఉంటే కోడి ఉడికినట్టే. బయటికి తీసి పది నిమిషాలు చన్నీళ్లలో ఉంచితే మాంసం మరీ ఉడికిపోదు, చర్మం బిగుస్తుంది. మాంసం విడదీసి మూతపెట్టి ఉంచి, ఎముకలను తిరిగి గిన్నెలో వేయండి. నాటుకోడి అయితే ఈ దశకు ఇంకా చాలాసేపు పడుతుంది.

6. మసాలా వేయాలి. ఎముకలు మరో అరగంట ఉడికాక మూట వేసి, ఇంకో అరగంట ఉంచి తీసేయండి. మొదటి నుంచీ ఉంచితే అనాసపువ్వు కోడి రుచిని మింగేస్తుంది.

7. రుచి సరిచూడాలి. చారు వడకట్టి ఫిష్ సాస్, పటికబెల్లం కలపండి. వియత్నాంలోనూ దీనికి పటికబెల్లమే వాడతారు. నూడుల్స్‌లో ఉప్పుండదు కాబట్టి చారు నోటికి కాస్త ఉప్పగానే తగలాలి. పైన తేలే కొవ్వు పూర్తిగా తీసేయకండి.

8. నూడుల్స్ చివర్లో. మామూలు నీళ్లలో అరగంట నానబెట్టి, వడ్డించే ముందు మరిగే నీళ్లలో వేయండి. అర నిమిషానికోసారి ఒక పోగు కొరికి చూసి, పచ్చి పోగానే తీసేయండి. ముందే ఉడికించి ఉంచితే ముద్దకడతాయి.

9. వడ్డన. వేడినీళ్లతో తొలిచిన లోతైన గిన్నెలో నూడుల్స్, వాటిపై చికెన్, సన్నగా తరిగిన ఉల్లికాడలు, కొత్తిమీర వేసి, మరుగుతున్న చారు నిండుగా పోయండి. గోరువెచ్చటి చారు పనికిరాదు. నిమ్మముక్కలు, పచ్చిమిర్చి పక్కన పెట్టండి.

తినేముందు చారు ఒక చెంచా తాగి చూసి, తర్వాతే నిమ్మరసం పిండుకోవాలి. సైగాన్ తరహా కావాలంటే పెసర మొలకలు, రుద్రజడ ఆకులు జోడించండి. సబ్జా గింజలిచ్చే ఈ మొక్క, అక్కడివాళ్లు వాడే బేసిల్ ఒకే జాతివి. పూజ తులసి వేరు, దాన్ని వాడకండి.

మాంసం తిననివాళ్లకు

వియత్నాంలో చాలామంది బౌద్ధులు చాంద్రమాసంలో 1, 15 తేదీల్లో మాంసం ముట్టరు. వాళ్ల శాకాహార ఫోకు ముల్లంగి, క్యారెట్, ఎండు పుట్టగొడుగులతో చారు కాస్తారు. కాల్చిన ఉల్లి, అల్లం, మసాలా మూట మామూలే. ఫిష్ సాస్ బదులు సోయా సాస్ పోసి, మాంసం బదులు వేయించిన టోఫు వేస్తారు. గంటలో అయిపోతుంది.

మిగిలిన చారు ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలుస్తుంది, ఫ్రీజర్‌లో ఇంకా ఎక్కువ. ఆదివారం చారు కాచి పెట్టుకుంటే, వారం మధ్యలో నూడుల్స్ నానేలోపు రాత్రి భోజనం సిద్ధం.